కంచంలో ఎడమ సగం

గోరీ కంచంలో సగం మిగిలిపోవడం మొదట చూసింది కోడలు నవ్య.

మధ్యాహ్నం. తండా మీద ఎండ నిలువుగా పడుతోంది. గోరీ గడప లోపల పీట మీద కూర్చుని జొన్నరొట్టె, పప్పు తిన్నది. తిని, కంచంలోనే చెయ్యి కడుక్కోవడానికి చెంబు అందుకుంది. కంచంలో కుడిపక్క తుడిచినట్టు ఉంది. ఎడమపక్క రొట్టె, పప్పు, నంజుకోవడానికి పెట్టిన ఉల్లిగడ్డ పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి.

“సగమే తిన్నవేంది యాడీ?” అంది నవ్య. వాళ్ల ఇంటి భాషలో యాడి అంటే అమ్మ. నవ్య అత్తనూ అట్లాగే పిలుస్తుంది.

“అంత తిన్న గదనే. తలె ఖాళీ అయింది. కండ్లు కనవడ్తలేవా నీకు?”

అత్త హాస్యమాడుతోంది అనుకుంది నవ్య. వంగి కంచం తీయబోతూ దాన్ని కొంచెం తిప్పింది. ఎడమ సగం కుడివైపుకు వచ్చింది. గోరీ చెయ్యి చెంబుతో సహా గాలిలో ఆగిపోయింది.

“గిది ఎవలు వెట్టిండ్రు?”

“ఏది?”

“గీ రొట్టె. ఇప్పుడు లేకుండె.”

ఇంట్లో ఇద్దరే ఉన్నారు. గోరీ తలుపు వైపు చూసింది. తర్వాత పైకి, రేకుల వైపు చూసింది. ఆమె చూసింది కాబట్టి నవ్య కూడా చూసింది. ఏమీ లేదు. రేకుల మీద ఎండ చిటపటమంటోంది.

మర్నాడూ అంతే. రొట్టె పెట్టినా, అన్నం పెట్టినా, చిన్న కంచమైనా, పెద్ద కంచమైనా ఎడమ సగం మిగిలేది. నడుమ కత్తితో గీసినట్టు తిన్నదీ తిననిదీ విడివిడిగా ఉండేవి. కొన్నాళ్లు చూసి నవ్య పెనిమిటితో మెల్లగా అంది.

“పోయిన మామకు వాటా ఉంచుతున్నది.”

బలరాంకూ అదే తోచింది. తండాలో ఎవరిని అడిగినా అదే చెప్పేవారు.

గోరీ పుట్టింది గూడూరు అవతల, అడవి అంచున ఉన్న తండాలో. కేసముద్రం దగ్గరి ఈ తండాకు కోడలిగా వచ్చినప్పుడు ఆమెకు తెలుగు సరిగ్గా రాదు. పెనిమిటి మంగ్యాకు వచ్చు. అతను కేసముద్రం మార్కెట్ యార్డులో హమాలీ. ఆమెనూ యార్డుకు తీసుకుపోయి చాట పనిలో పెట్టాడు. రైతులు పోసిన వడ్లలో, మక్కల్లో తాలూ మన్నూ చెరిగి పడెయ్యడం ఆ పని. చాట చేతికి అలవాటైంది. తెలుగు నోటికి అలవాటైంది. ఊపిరితిత్తులకు దుమ్ము అలవాటైంది.

ఒక ఏడు లారీ మీది నుంచి బస్తా జారి మంగ్యా కాలి మీద పడింది. ఎముక అతికింది గాని కాలు వంకరగా అతికింది. అప్పటినుంచి అతని నడకకు ఒక చప్పుడు వచ్చింది. ఒక అడుగు పడేది, ఒక అడుగు ఈడ్చేది. యార్డులో ఎంత గోల ఉన్నా, వంచిన తల ఎత్తకుండానే గోరీ ఆ చప్పుడు గుర్తుపట్టేది.

మధ్యాహ్నం షెడ్డు నీడలో ఇద్దరూ ఒకే కంచంలో తినేవారు. అతను ఆమెకు ఎడమపక్క కూర్చునేవాడు. వంకర కాలు చాపుకోవడానికి అటు జాగా ఉండేది. కుడిపక్క ఆమెది, ఎడమపక్క అతనిది. నడుమ గీత ఏమీ లేదు. అయినా ఎవరి చెయ్యీ అవతలికి పోయేది కాదు. ఎప్పుడైనా ఉల్లిగడ్డ పెద్దది పడితే అతను వేలితో ఇవతలికి తోసేవాడు.

అతని పేరు ఆమె ఎన్నడూ పలకలేదు. పెండ్లాం మగని పేరు పలికితే అతని ఆయువు తరుగుతుందని తల్లి చెప్పి పంపింది. ‘బలరాం బాపు’ అనేది. రేషన్ దుకాణంలో ఇంటాయన పేరు అడిగితే పక్కనున్న సఫియా బేగం వైపు చూసేది. సఫియా కేసముద్రం మనిషి. యార్డులో ఆమెదీ చాట పనే. ఎన్నో ఏండ్లుగా గోరీ పక్కనే కూర్చుని చెరిగేది.

“రాసుకో సేటూ, మంగ్యా. నేను చెప్తే ఏం తరగది,” అనేది సఫియా.

అయినా మంగ్యా ఆయువు తరిగింది. ఒక వానాకాలం పచ్చకామెర్లతో పోయాడు. తర్వాత గోరీ కంచం మొత్తం తనే తిన్నది. అట్లా కొన్నేండ్లు గడిచాయి.

ఈ ఏడు యాసంగి మక్కలు యార్డుకు వస్తున్న రోజుల్లో, పొద్దెక్కిన వేళ, చాట ఎత్తిన గోరీ ఆగిపోయింది.

“సఫియా, తలల పిడుగు వడ్డది,” అంది.

అని మక్కల కుప్ప మీద ఒరిగింది. సఫియా కేకకు యార్డంతా కూడింది. మహబూబాబాద్ దవాఖానలో చూసి హైదరాబాద్ తీసుకుపొమ్మన్నారు. బలరాం తీసుకుపోయాడు.

మెదడులో ఒక రక్తనాళం బుడగలాగా ఉబ్బి, చిట్లింది. తల కొయ్యలేదు. తొడ దగ్గర చిన్న గాటు పెట్టి, రక్తం పోయే దారిలోంచే సన్నటి గొట్టాన్ని తలదాకా పంపారు. ఆ బుడగలో వెంట్రుకంత తీగను చుట్టలుచుట్టలుగా నింపారు. తీగ జారకుండా నాళంలో సన్నని జాలీ ఒకటి నిలబెట్టారు. గోరీ బతికింది. తల లోపల ఒక తీగ ఉందన్న మాట తండాలో ఆడవాళ్లు ఒకరికొకరు చెప్పుకున్నారు. కొందరు ఆమె తలకు చెవి ఆనించి విన్నారు.

ఇంటికి పంపేటప్పుడు డాక్టరమ్మ తల్లినీ కొడుకునూ ఎదురుగా కూర్చోబెట్టి చెప్పింది.

“ఆ తీగ మీద, జాలీ మీద రక్తం గడ్డకట్టొచ్చు. చిన్న గడ్డ జారి పైకి పోతే చూపు పోతుంది. పెద్దదైతే మనిషే పోతుంది. అందుకే ఈ గోలీలు. ఒక్కరోజు కూడా మానొద్దు. చూపులో ఏ కొంచెం తేడా వచ్చినా ఆ రోజే రావాలి.”

“వస్తం మేడం,” అన్నాడు బలరాం. గోరీ తల ఊపింది. ఆ మాటలు ఆమెకు బాగానే అర్థమయ్యాయి.

కొన్నాళ్లకు ఒక పొద్దున కొంచెం తలనొప్పితో లేచింది. లేచి చూస్తే అంతా మామూలుగానే ఉంది. చిక్కంతా అక్కడే వచ్చింది.

చూపు పోతే చీకటి కనపడుతుంది అనుకుంటాం. గోరీకి చీకటి ఏమీ కనపడలేదు. మన వీపు వెనక చీకటి ఉండదు. వెలుగూ ఉండదు. ఏమీ ఉండదు. ఆమెకు ఎడమపక్క అట్లా అయింది. ఆ పక్క లోకం తుడిచిపెట్టుకుపోయింది. పోయిందన్న సంగతి కూడా దానితోపాటే పోయింది.

ఎడమ భుజం దర్వాజకు తగిలేది. ఆమె దర్వాజను తిట్టేది. లేని చోటు నుంచి కోడి ఊడిపడేది. లేని చోటు నుంచి మనవరాలి నవ్వు వచ్చేది. మనుషులు నడిచి రావడం మానేశారు. ఒక్కసారిగా ఎదుట ఉండేవారు. మళ్లీ ఒక్కసారిగా ఉండేవారు కాదు. తల పగిలి అతికిన మనిషికి లోకం ఇట్లాగే ఉంటుంది కావచ్చు అనుకుంది. ఎవరికీ చెప్పలేదు.

కంచం సంగతి తండా నాయకుడు అమర్‌సింగ్ దాకా పోయింది. అతను వచ్చి పీట మీద కూర్చున్నాడు. గోరీ తింటుంటే చూశాడు. సగం కంచం చూశాడు.

“సూపుల తేడా వస్తే రమ్మన్నరు కాకా,” అన్నాడు బలరాం.

“సూపుకేమైందిరా? గోరీ, ఆ కరెంటు తీగ మీద ఏముంది?”

“పాలపిట్ట.”

“సూదిల దారం ఎక్కియ్యి.”

ఎక్కించింది. ఎదురుగా పట్టుకున్న సూది బెజ్జం ఆమెకు బాగానే కనపడింది. ఒక్కసారికే ఎక్కించింది.

“సూశినవా? నా కండ్లకన్న నయమే,” అన్నాడు అమర్‌సింగ్. “మీ బాపు వచ్చిండురా. ఇన్నేండ్లు ఒక్క తలెల తిన్నోడు, ఆమె సావు దాక పొయ్యి వస్తుంటే సూశిండు. ఎంట వచ్చిండు. ఆకలైతది గదా.”

పెద్దలకు పెట్టే భోగ్ పెట్టించాడు. పిడకల నిప్పు మీద నెయ్యి, బెల్లం వేశాడు. మంట పొగ లేకుండా నిలువుగా లేచింది. మంచి గుర్తు అన్నాడు. బలరాం ఆ మంట చూసి హైదరాబాద్ మాట మరిచాడు. మరవాలని అతనికీ ఉంది. కేసముద్రం స్టేషన్ దగ్గర ఆటో నడుపుకుంటే గాని ఇల్లు గడవదు.

ఆ సాయంత్రమే గోరీ అతన్ని చూసింది.

మొగులు పట్టి వెలుతురు బూడిద రంగుకు వచ్చింది. గడపకు ఎడమపక్క ఒక మనిషి నిలబడి ఉన్నాడు. ఎర్ర పాగ కట్టాడు. పాగ మడతలు ఒక్కొక్కటీ వేలితో తాకి చెప్పొచ్చు అన్నంత స్పష్టంగా ఉన్నాయి. కుడిపక్క ఆటో తుడుస్తున్న బలరాం అంత స్పష్టంగా లేడు. ముఖం మాత్రం అవతలికి తిరిగి ఉంది. నేల మీద నీడ లేదు.

గోరీకి భయం వెయ్యలేదు.

“వచ్చినవా,” అంది.

అతను పలకలేదు. బతికి ఉన్నప్పుడూ ఎక్కువ పలికేవాడు కాదు.

మర్నాడు ఎండ తేటగా కాసింది. అతను రాలేదు. ఆ తర్వాత ఒకనాడు నవ్య పత్తి చేనుకు తొందరగా పోయింది. గోరీ గోలీలు మరిచింది. ఆ రోజు పొద్దటినుంచీ ముసురు. అతను సాయంత్రానికి ముందే వచ్చాడు. గడప దాటి లోపల, ఆమె పక్కన, తన జాగాలో కూర్చున్నాడు.

గోరీకి లెక్క కుదిరింది. గోలీ వేసుకుంటే రాడు. వేసుకోకపోతే వస్తాడు. మసక వెలుతురులో వస్తున్నాడని, ముసురుకూ గోలీకీ సంబంధం లేదని ఆమెకు చెప్పేవారు లేరు. అడిగితే గదా చెప్పడానికి.

డాక్టరమ్మ మాట ఆమె మరవలేదు. చూపు పోతుంది, మనిషే పోతుంది. మంచం మీద పడుకుని రెండు పక్కలా పెట్టి చూసుకుంది. ఒక పక్క చూపు. ఒక పక్క అతను. మర్నాటి నుంచి పొద్దున నవ్య చేతిలో పెట్టిన గోలీలను ఆమె వెనుదిరగ్గానే పొయ్యిలో వేసింది. నిప్పు మీద అవి చిటుక్కుమనేవి. భోగ్ వేసినట్టే వేసేది.

అది సుఖంగా గడిచిన కాలం. సాయంత్రాలు అతను వచ్చేవాడు. కంచంలో అతని సగం అతనికి ఉండేది. ఆమె యార్డు ముచ్చట్లు చెప్పేది, మనవరాలికి పాలపళ్లు వచ్చాయని చెప్పేది. అతను అవతలికి చూస్తూ వినేవాడు. ముఖం చూద్దామని ఆమె తల తిప్పితే అతనూ అంతే జరిగేవాడు. ఇంకా తిప్పితే ఇంకా జరిగేవాడు. సిగ్గుపడుతున్నాడు అనుకునేది.

ఒంట్లో బలం వచ్చిందని వానాకాలం పంట మొదట్లో యార్డుకు పోయింది. తన పాత జాగాలో కూర్చుని చాట పట్టింది. కాంటా వేసే వెంకట్రాం వచ్చి చాటలోకి వంగి చూశాడు.

“ఏం గోరక్కా, సగం చాట చెరిగి సగం దేవునికి ఇడ్శినవా? తాలంత గిటే ఉన్నది.”

నలుగురు నవ్వారు. గోరీ చాటలోకి చూసింది. మంచి మక్కలే ఉన్నాయి. వీనికి పరాచికం ఎక్కువైంది అనుకుంది.

అప్పుడు ఎడమపక్క నుంచి సఫియా గొంతు వినిపించింది.

“ఎట్లున్నవే? ఎన్నాళ్లకు కనవడ్డవు! తల బాగైందా?”

గొంతు చెవి పక్కనే ఉంది. మనిషి లేదు.

గోరీ ఒళ్లు జల్లుమంది. అతను కూర్చునే పక్క అది. పోయినవాళ్ల పక్క. పోయినవాళ్లలోంచి సఫియా మాట్లాడుతోంది. తను దవాఖానలో పడి ఉన్నప్పుడు పోయి ఉంటుంది. తన తల సంగతి చూసి ఎవరూ చెప్పి ఉండరు.

మనిషి కనపడకుండా గొంతు పిలిస్తే పలకొద్దు, తల తిప్పొద్దు. తిప్పితే వెంట పట్టుకుపోతుంది. తండాలో పసిపిల్లలకు కూడా తెలుసు ఆ మాట. పెనిమిటి సంగతి వేరు. అతను పిలవలేదు, తనంతట తను వచ్చాడు. గోరీ మెడ బిగబట్టింది. చాట వైపే చూస్తూ చెరిగింది.

“ఏమే, నిన్నే! నాలుక హైదరాబాద్‌ల వెట్టి వచ్చినవా?”

గోరీ కళ్ల నుంచి నీళ్లు కారుతున్నాయి. పలకలేదు.

“పో మరి. పెద్ద దవాఖాన సూశినంక మేం కనవడ్తమా,” అంది గొంతు. తర్వాత ఎవరో లేచిన చప్పుడు, గాజుల చప్పుడు. అంతే.

ఇంటికొచ్చి గోరీ కొడుకును అడిగింది.

“సఫియా ఎప్పుడు పోయిందిరా?”

“ఏడికి?”

“సచ్చిపోయింది గదా. నాకెందుకు చెప్పలే?”

బలరాం తల్లి ముఖం వైపు చూశాడు. “పొద్దున్నే నా ఆటోల ఎక్కింది యాడీ. రూపాయి తక్కువ ఇచ్చి దిగింది,” అన్నాడు. గోరీ నమ్మలేదు. కొడుకు తన గురించి భయపడి అబద్ధమాడుతున్నాడు అనుకుంది. మర్నాడు దారిలో కనపడ్డ సఫియాకు బలరాం ఆ మాట చెప్పాడు.

ఆ మాట విన్న సఫియా ఇంటికి వచ్చేలోపు ఇంకొకటి జరిగింది. పొద్దున నవ్య టీ తెచ్చి ఇస్తే కోడలి ముఖంలో గడ్డం, పెదవులు ఉన్నాయి. నుదురు లేదు. నుదురు ఉండాల్సిన చోట గోడ లేదు, ఆకాశం లేదు, ఏమీ లేదు. గోరీ కళ్లు నలుముకుంది. కుడిపక్క పైమూల కూడా పోతోంది. ఆమెకు డాక్టరమ్మ మాట వినిపించింది. పొయ్యి వైపు చూసింది. రెండు పక్కలా పెట్టుకున్నది ఒక పక్కకు వాలుతోంది.

ఆ రోజు ఎడమపక్క అతనొక్కడే రాలేదు. వెనక ఇంకొకడు ఉన్నాడు. వాని వెనక ఇంకొకడు. నిలువెత్తు మనుషులు కొందరు, మోకాలెత్తు మనుషులు కొందరు, వరుసగా, అందరూ ఎర్ర పాగలతో, గోడలోంచి వచ్చి గోడలోకి పోతున్నారు. ఎవరి అడుగూ చప్పుడు కాలేదు. పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా పోతూనే ఉన్నారు. గోరీ పీట మీద కదలకుండా కూర్చుంది.

మబ్బు పట్టిన ఆ మధ్యాహ్నం వాకిట్లోంచి కేక వినిపించింది.

“ఏమే గోరీ! నన్ను సంపేసినవంట గదా! ఏ రోగమొచ్చి పోయిన్నో జర చెప్పు, మా ఇంట్లోళ్లకు ఇంక తెల్వది!”

గోరీ తల తిప్పలేదు. అడుగులు గడప దాటాయి. ఎడమపక్క చాప కిర్రుమంది. ఆమె మోకాలి మీద ఒక చెయ్యి ప్రత్యక్షమైంది. వేళ్లు ఉన్నాయి, మణికట్టు ఉంది, ఆకుపచ్చ గాజులు ఉన్నాయి. గాజుల పైన ఏమీ లేదు. చెయ్యి అక్కడితో అయిపోయింది.

గోరీ వెనక్కి జరగబోయింది. కాని ఆ చెయ్యి వేడిగా ఉంది. గబగబా నడిచి వచ్చిన మనిషి చెయ్యి. వేళ్ల సందుల్లో మక్కల దుమ్ము.

“సఫియా? నువ్వు బతికే ఉన్నవా?”

“తౌబా! ఏం మాటనే అది?” చెయ్యి మాయమైంది. సఫియా లేచి చుట్టూ తిరిగి కుడిపక్కకు వచ్చి కూర్చుంది. అక్కడ ఆమె తలా కాళ్లూ కొంగూ అంతా ఉంది. కళ్లలో నీళ్లు కూడా ఉన్నాయి. “పరేషాన్ జేస్తున్నవ్ గదనే. యార్డుల పక్కన కూసున్న మనిషి నీకు కనవడలేదా?”

“ఆ పక్క నువ్వు లేకుంటివి. ఆ పక్క ఆయన ఉంటడు.”

“ఎవలు?”

“బలరాం బాపు.”

సఫియా నవ్వలేదు. ఆ పక్కకు ఒకసారి చూసింది. కొంగు తల మీదికి లాక్కుంది.

“ఎట్లున్నడు?”

“మంచిగున్నడు. ఎర్ర పాగ కట్టిండు.”

“మంగ్యన్న పాగ ఎన్నడు గట్టె? తువ్వాల సుట్టుకునేటోడు. అదీ సగం సినిగింది.”

సఫియా ఇంకొంచెం దగ్గరికి జరిగింది.

“నడుస్తడా?”

“ఆఁ.”

“సప్పుడైతదా? నువ్వు తల ఎత్తకముందే, ‘అగో మా ఆయన వచ్చె’ అంటుంటివి. ఆ కాలు ఈడుస్తున్నడా?”

గోరీ అంది, “లేదు. సక్కగ నడుస్తడు.”

“సచ్చినంక కాలు బాగైతదా?” అంది సఫియా. ఆమె నిజంగానే అడిగింది. తనకూ తెలియదు.

గోరీ లేచింది. వాకిట్లోకి వచ్చి నిలబడింది. వెలుతురు బూడిద రంగుకు దిగింది. వరుస మళ్లీ కనపడింది. ఎర్ర పాగ కట్టిన అతను ముందు ఉన్నాడు, ఎప్పటిలా ముఖం అవతలికి పెట్టి. ఆమె అతని వైపు తిరిగింది. అతను జరిగాడు. ఆమె ఇంకా తిరిగింది. ఇంకా జరిగాడు. ఆమె ఉన్నచోటే గిర్రున తిరిగింది. ఇల్లు పోయింది, ఆటో పోయింది, రోడ్డు పోయింది, మళ్లీ ఇల్లు వచ్చింది. అతను మాత్రం అంతే దూరంలో, అంతే ఎడంగా ఉన్నాడు. గడప దగ్గర ఉన్నవాడు కాదు. ఇంటికి వచ్చినవాడు కాదు. ఆమె చూపుకే వేలాడుతున్నవాడు.

గోరీ ఆగింది. చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మళ్లీ తీసేసింది. ఇక తరగడానికి అతని ఆయువు ఏమీ లేదు.

“మంగ్యా,” అని పిలిచింది.

పొయ్యి దగ్గర నవ్య చేతిలో గిన్నె జారింది. బలరాం ఆటోలోంచి దిగాడు. తల్లి నోట ఆ పేరు అతను పుట్టి వినలేదు.

“మంగ్యా.”

అతను తిరగలేదు. వెనక ఉన్నవాళ్లలో ఒక్కడూ తిరగలేదు. ఒకే పాగ, ఒకే మడతలు. ఎవరి పేరో ఎవరినో పిలిచినట్టు వాళ్లు పోతూనే ఉన్నారు.

“ఈడు ఆయన గాదు,” అంది గోరీ. నేల మీద కూర్చుండిపోయింది. కొంతసేపటికి కొడుకును దగ్గరికి రమ్మని చేయి ఊపింది. “గోలీలన్నీ పొయ్యిల ఏసిన నాయినా. ఈ పక్క గూడ పోతున్నది. తీస్కపో నన్ను.”

సఫియా ఏడుస్తూనే తిట్టింది, తిడుతూనే సంచి సర్దింది. ఆ సాయంత్రం రైలుకే బలరాం, నవ్య ఆమెను తీసుకుని బయల్దేరారు.

హైదరాబాద్‌లో ఒక యంత్రం ముందు గోరీని కూర్చోబెట్టారు. చుక్క వెలిగినప్పుడల్లా మీట నొక్కమన్నారు. ఎడమపక్క వెలిగిన ఒక్క చుక్కకూ ఆమె నొక్కలేదు. కుడిపక్క పైమూల కోసం మందు ఎక్కించారు. రెండు రోజులకు అది తిరిగి వచ్చింది. నవ్యకు నుదురు వచ్చింది. ఎడమ సగం రాలేదు.

“మీ కళ్లు బాగానే ఉన్నాయమ్మా,” అంది డాక్టరమ్మ. “చూసేది తల వెనకభాగంలో ఉన్న మెదడు. దానికి రక్తం పోయే దారిలో గడ్డ అడ్డం పడింది. అప్పుడే వస్తే ఏమైనా చేసేవాళ్లం. ఇప్పుడు ఆ సగం రాదు. ఉన్న సగం నిలుపుకోవడం మీ చేతిలో ఉంది.”

“మరి వాళ్లెవరు?” అని అడిగింది గోరీ. “ఎర్ర పాగలోళ్లు.”

“ఎవరూ కాదు. చూపు రాని చోట మెదడు ఊరికే ఉండలేదు. తనే బొమ్మలు వేసుకుంటుంది. చాలామందికి వస్తాయి. మెల్లగా పోతాయి.”

“నేనెవరో వాళ్లకు ఎరుకలేదా?”

“లేదమ్మా.”

గోరీ ఆలోచించింది. ఎరుక లేనోళ్లకు ఇన్నాళ్లు తిండి పెట్టాను అనుకుంది. సొంత మనిషి చచ్చిపోయినప్పుడు కూడా ఇంత ఒంటరిగా అనిపించలేదు.

తండాకు వచ్చాక అమర్‌సింగ్ పలకరించడానికి వచ్చాడు. అంతా విన్నాడు. గడ్డం గీరుకున్నాడు.

“మరి ఆనాడు మంట పొగ లేకుండ లేచింది గదరా?”

“నెయ్యి మంచిదుండె కాకా,” అన్నాడు బలరాం.

గోరీ ఇప్పుడు పొద్దున్నే గోలీలు వేసుకుని నోరు తెరిచి నవ్యకు చూపిస్తుంది. అడక్కపోయినా చూపిస్తుంది. యార్డుకు పోతోంది. సఫియా కుడిపక్కకు మారింది. గోరీ సగం చాట చెరిగి, చాటను తిప్పి పట్టి మిగతా సగం చెరుగుతుంది. “తిప్పినవా?” అని సఫియా గంటకోసారి అడుగుతుంది. “తిప్పిన తియ్యి, నస పెట్టకు,” అంటుంది గోరీ. రైలు పట్టాలు దాటేటప్పుడు సఫియా ఆమె ఎడమ రెక్క పట్టుకుంటుంది.

ఎర్ర పాగలవాళ్లు చలికాలానికి పలచబడ్డారు. మోకాలెత్తువాళ్లు ముందు పోయారు. చివరికి ఒక్కడు మిగిలాడు. ఒకనాటి మసకలో వాడూ రాలేదు. ఎడమపక్క ఖాళీ అయింది. చీకటి లేదు, వెలుగు లేదు.

ఆ రోజు గోరీ కంచం ముందు కూర్చుంది. కుడి సగం తిన్నది. తిన్నాక కంచాన్ని తిప్పింది. ఎడమ సగం నిండుగా వచ్చి ఎదుట ఆగింది. రొట్టె, పప్పు, పెద్ద ఉల్లిగడ్డ. ఎవరో వేలితో ఇవతలికి తోసినట్టు.

ఒక తలపు వచ్చి ఆమె చెయ్యి ఆగింది. బొమ్మలు పోయాయి. బాగానే ఉంది. కాని నిజంగా అతనే వస్తే, వచ్చి తన జాగాలో, ఎడమపక్క, కాలు చాపుకుని కూర్చుంటే తనకు తెలిసే దారి లేదు. లోకంలో అతన్ని తను చూడలేని చోటు అదొక్కటే. అతను కూర్చునే చోటూ అదే.

గోరీ చెవి పెట్టి విన్నది. రేకులు చలికి ముడుచుకుంటున్న చప్పుడు. దూరంగా గూడ్సు బండి. నవ్య గిన్నెలు తోముతోంది.

రొట్టె తిన్నది. పప్పు తిన్నది. చివరి తునక చేతిలో మిగిలింది. దాన్ని ఎడమపక్క నేల మీద, తనకు కనపడని చోట పెట్టింది. చెయ్యి వెనక్కి తీసుకుంది.

తల తిప్పి చూడలేదు.